సెల్లార్ ర్యాంపు ఒప్పుకున్నంత లోతు: స్విఫ్ట్‌కు ముందు లిప్ బిగించిన డైరీ

జనవరి 4, శనివారం

మా కారు 2019లో కొన్న మారుతి సుజుకి స్విఫ్ట్. దాని ముందు బంపరు కింద లిప్ స్పాయిలర్, అంటే బంపరు కింది అంచును కాస్త కిందికి దించే సన్నని పట్టీ, బిగించుకోవాలన్న కోరిక నాకు రెండేళ్లుగా ఉంది. ఏ యాక్సెసరీస్ దుకాణంలో వదిలిపెట్టినా గంటలో బిగించి పంపిస్తారని తెలిసినా, ఆ పనిని మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నా చేతులతోనే చేయాలని ఇన్నాళ్లు ఆగాను. విజయవాడలో పటమట వైపు ఉండేవాళ్లకు బోల్టు దగ్గర నుంచి బంపరు దాకా ఏది కావాలన్నా ఆటోనగర్ పక్కనే ఉంటుంది కాబట్టి, మధ్యలో ఏదైనా చెడినా సరిచేసుకునే దారి ఉందన్న ధైర్యంతో ఈ రోజు పని మొదలుపెట్టాను.

లిప్ ఏం చేస్తుందో ముందుగా రాసుకుంటున్నాను. కారు వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురొచ్చే గాలిలో కొంత బానెట్ మీదుగా, కొంత పక్కల నుంచి, కొంత బంపరు కింద నుంచి పోతుంది. కిందికి దూరిన గాలి ఇంజిను అడుగుభాగానికీ సస్పెన్షన్‌కూ ఎగ్జాస్ట్ గొట్టానికీ తగిలి చెల్లాచెదురై బండిని వెనక్కి లాగుతుంది, ముందు భాగాన్ని కాస్త పైకి లేపడానికి చూస్తుంది. బంపరు అంచు కిందికి దిగితే అలా దూరే గాలి తగ్గుతుంది. అయితే గాలి బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బలం 80 దగ్గర నాలుగింతలవుతుంది కనుక, బందరు రోడ్డు ట్రాఫిక్‌లో తిరిగే కారుకు దీనివల్ల వచ్చే తేడా లెక్కలోకి రాదు. గుంటూరు వైపు జాతీయ రహదారి మీద కూడా రెండు వేళ్ల వెడల్పు పట్టీ మైలేజీని పెంచుతుందని నేను ఆశించడం లేదు. నాకు కావలసింది ఆ గీత. స్విఫ్ట్ ముఖం నేల నుంచి కొంచెం ఎత్తుగా లేచి ఉన్నట్టు కనిపిస్తుంది. కింద ఒక నల్లని అంచు పడితే ఆ ముఖం కుదురుగా కూర్చుంటుంది.

చట్టం సంగతి కూడా చూసుకున్నాను. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీ సంస్థ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని ఖరారు చేసింది. అంతకుముందు 2017 డిసెంబరులో బంపరుకు ముందు బిగించే ఇనుప బుల్ బార్లపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. అందుకని నేను మూడు నియమాలు పెట్టుకున్నాను: లిప్ మెత్తని ప్లాస్టిక్‌దే కావాలి, బంపరు కొన కంటే ముందుకు పొడుచుకురాకూడదు, నంబరు ప్లేటునూ దీపాలనూ కింది గ్రిల్‌నూ కొంచెం కూడా మూయకూడదు. ఆ గ్రిల్ గుండా వచ్చే గాలే ఏసీ కండెన్సర్‌నూ రేడియేటర్‌నూ చల్లబరుస్తుంది. మే నెల విజయవాడలో దానికి అడ్డుపెట్టడమంటే చేజేతులా ఇంజినుకు కీడు చేయడమే. చేయబోతున్న మార్పు గురించి బీమా సంస్థకు కూడా రాసి పంపించాను.

జనవరి 5, ఆదివారం

ఈ రోజు ఏమీ కొనకుండా, ఏమీ బిగించకుండా, కేవలం కొలతలతో గడిచింది. మొత్తం పనిలో ఇదే ముఖ్యమైన రోజు అవుతుందని అనిపిస్తోంది.

కంపెనీ లెక్క ప్రకారం ఈ తరం స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. అది కారు అడుగున అన్నిటికంటే కిందికి దిగిన భాగానిది, బంపరుది కాదు. మా కారులో బంపరు కింది అంచు నేలకు 200 మిల్లీమీటర్ల ఎత్తున ఉంది. ఈ అంకె చూసి, 50 పోయినా ఇంకా 150 మిగులుతుంది కదా అనుకోవడం సహజమే కానీ, చదునైన రోడ్డు మీద బంపరుకు తగిలేది ఏదీ ఉండదు. నేల వాలు మారే చోటే అది రాసుకుంటుంది. మాకు ఆ చోటు సెల్లార్ ర్యాంపు అడుగుభాగం. ఒక మీటరు పొడవున్న చెక్కను రసమట్టంతో నిలిపి కొలిస్తే, ర్యాంపు మీటరుకు 20 సెంటీమీటర్లు లేస్తోంది. అంటే 11 డిగ్రీల పైచిలుకు వాలు.

ఇక కారు వైపు కోణం తెలియాలి. ముందు టైరు నేలను తాకే చోటి నుంచి, టైరును ఒరుసుకుంటూ బంపరు అంచు దాకా దారం లాగి, ఆ దారానికి ఫోన్ ఆనించి చూస్తే 16 డిగ్రీల పైన చూపించింది. 45 మిల్లీమీటర్ల లిప్ బిగిస్తే అది 12 దగ్గరికి పడిపోతుంది. ర్యాంపు 11, కారు 12 అంటే కాగితం మీద తగలకూడదు. కానీ నలుగురు ఎక్కితే ముందు భాగం కుంగుతుంది, దిగుతూ బ్రేకు నొక్కితే మరింత వంగుతుంది. ఈ వంగడాన్ని దారంతో కొలవలేను.

అందుకని అట్టపెట్టె కోసి, 45 మిల్లీమీటర్ల లోతున్న పట్టీని మాస్కింగ్ టేపుతో బంపరు కింది అంచు పొడవునా అంటించాను. అట్ట కొసకు సుద్ద పూశాను, ఎక్కడ తగిలితే అక్కడ సుద్ద చెరిగిపోతుందని. తమ్ముడిని ర్యాంపు అడుగున గోడ పక్కగా కూర్చోబెట్టి, ముందు నేను ఒక్కడినే దిగాను. తగలలేదు. రెండోసారి అమ్మను ముందు సీటులో, పిల్లలిద్దరినీ వెనుక కూర్చోబెట్టుకుని, రోజూ దిగే వేగంతోనే దిగి చివర బ్రేకు వేశాను. "అన్నయ్యా, ఆగు, తగిలింది" అని తమ్ముడు అరిచేలోపే అట్ట గరగరమని మడత పడింది. దిగి చూస్తే ఎడమ వైపు జానెడు మేర సుద్ద పోయి, అట్ట కొస పది మిల్లీమీటర్ల దాకా నలిగి ఉంది. ర్యాంపు అడుగున కాంక్రీటు ఎడమ పక్క కాస్త ఉబ్బెత్తుగా ఉందని, ఆరేళ్లుగా దాని మీద కారు నడుపుతున్న నాకు అప్పుడే తెలిసింది.

అట్టను 35కు కోసి దిగితే మళ్లీ సుద్ద చెరిగింది. 30కి కోశాక అదే బరువుతో, అదే వేగంతో నాలుగుసార్లు దిగినా సుద్ద అలాగే ఉంది. కావాలని బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు మాత్రం ఒకచోట వేలిముద్రంత చెరిగింది. ఆ తర్వాత మా వీధి స్పీడ్ బ్రేకర్ల మీదుగా కూడా తిప్పాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గుండ్రంగా ఒంపు తిరిగి ఉండాలి. 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటడానికి చేసిన లెక్క అది. మా వీధిలోది 14 సెంటీమీటర్ల ఎత్తు, రెండడుగుల వెడల్పు కూడా లేని గట్టు. అయినా 30 మిల్లీమీటర్ల అట్ట దాన్ని తగలకుండా దాటింది.

కాబట్టి లోతు 30. షోరూముల దగ్గర కనిపించే లోతైన లిప్‌ల మీద మనసు లాగుతున్న మాట నిజమే, కానీ ఈ అట్టముక్క చెప్పిన దానికి కట్టుబడి ఉంటాను. రాత్రికి ఆర్డరు పెట్టాను.

జనవరి 11, శనివారం

పార్సిల్ వచ్చింది. ఫైబర్ గ్లాసుతో చేసినవి గట్టిగా, అందంగా ఉంటాయి కానీ ఒక్క దెబ్బకు పగులుతాయి. ఏబీఎస్ ప్లాస్టిక్ చవక, అయితే రంగు వేయకుండా ఎండలో వదిలేస్తే పెళుసెక్కుతుంది. నేను తెప్పించినది పాలీయురెథేన్. రాసుకున్నా వంగి మళ్లీ తన ఆకారానికి వస్తుంది కనుక మా ర్యాంపుకు ఇదే సరిపోతుందని 6,200 రూపాయలకు ఒకే ముక్కగా ఉన్నదాన్ని తీసుకున్నాను. వేలాడదీసే కాటాలో తూచితే 1.8 కిలోలు.

పెట్టె చిన్నది కావడంతో దాన్ని మడిచి కుక్కారు. మధ్యలో ఒక వంకర పడింది. ఈ పదార్థం వేడికి మెత్తబడుతుంది కాబట్టి మధ్యాహ్నం డాబా మీద చదునైన చోట పరిచి, వంకర ఉన్న చోట రెండు వైపులా ఇసుక మూటలు పెట్టి రెండు గంటలు ఎండలో ఉంచాను. సాయంత్రానికి వంకర పోయింది. రెండు కొసలు మాత్రం బంపరు ఒంపు కంటే కొంచెం విచ్చుకుని ఉన్నట్టు అనిపించింది. బిగిస్తే అవే దగ్గరకు వస్తాయని వదిలేశాను.

రేపటి నుంచి సంక్రాంతికి ఊరు ప్రయాణం. పని వారం ఆగుతుంది.

జనవరి 18, శనివారం

ఈ రోజు తప్పు చేశాను. ఊరి నుంచి వచ్చిన ఉత్సాహంలో లిప్‌ను తడిగుడ్డతో ఒకసారి తుడిచి, నీళ్లతో వాడే 320 నంబరు గరుకు కాగితంతో పైపైన గీకి, ప్రైమర్ డబ్బా తీసి కొట్టాను. మొదటి పూత పడిన నిమిషంలోనే రంగు అక్కడక్కడ వెనక్కి ముడుచుకుపోయి, ఆవగింజంత గుండ్రని గుంటలు లేచాయి. ఒక్కో గుంట అడుగున నల్లని పాలీయురెథేన్ మెరుస్తూ కనిపిస్తోంది, దాని చుట్టూ ప్రైమర్ సన్నని గట్టులా నిలబడింది. ఇంకో పూత వేస్తే పూడుకుంటాయేమోనని వేశాను, ఇంకా పెరిగాయి.

దాన్ని అలాగే చంకన పెట్టుకుని ఆటోనగర్‌లో నాకు తెలిసిన పెయింటింగ్ మేస్త్రి గారి దగ్గరకు వెళ్లాను. ఆయన రంగు వైపు చూడకుండా లిప్ వెనక వైపు బొటనవేలితో రాసి, ఆ వేలిని నాకు చూపించారు. వేలికి జిడ్డు అంటి ఉంది. "అచ్చులో నుంచి ఊడిరావడానికి మైనం లాంటిది పూస్తారు సార్. ముందు దాన్ని వదిలించండి, రంగు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

ఇంటికి వచ్చి ప్రైమర్ మొత్తం గీకేశాను. గిన్నెలు తోమే ద్రవం, గోరువెచ్చని నీళ్లు, ఆకుపచ్చ పీచుతో రెండుసార్లు తోమాను. మూడోసారి నీళ్లు పోసినప్పుడు గానీ ఆ నీళ్లు బొట్లుబొట్లుగా విడిపోకుండా పలచని పొరలా పరుచుకోలేదు. జిడ్డు పోయిందని తెలుసుకోవడానికి దీనికంటే సులువైన పరీక్ష నాకు తెలియదు.

జనవరి 19, ఆదివారం

320తో ఒకసారి, 600తో ఒకసారి గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రైమర్ రెండు పలచని పూతలు, నలుపు మూడు పూతలు వేశాను. ఒక్క గుంట లేదు. ఒక్కో పూతకూ మధ్య పావుగంట చొప్పున ఆగాను. మధ్యాహ్నం పొడి గాలి ఉండటం కలిసొచ్చింది. వర్షాకాలంలో ఇదే పని పెట్టుకుంటే గాలిలోని తేమకు నలుపు పాలిపోతుంది.

పైన వేసే క్లియర్ కోటు, అంటే రంగును కాపాడే పారదర్శక పూత, మాత్రం మేస్త్రి గారి షెడ్డులోనే కొట్టించాను. వంగే భాగానికి మామూలు క్లియర్ వేస్తే నెర్రెలిస్తుంది కనుక, సాగే గుణం ఇచ్చే ద్రవాన్ని ఆయన అందులో కలిపారు. పైగా ఆ క్లియర్‌లో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. తగిన మాస్కు లేకుండా వాటిని పీల్చడం ఊపిరితిత్తులకు హాని. పిల్లలు ఆడుకునే సెల్లార్‌లో ఆ పని చేయడం నాకు ఇష్టం లేదు.

జనవరి 25, శనివారం

లిప్‌ను బంపరుకు పట్టి ఉంచేవి కింద బోల్టులు, పై అంచున రెండు వైపులా అంటుకునే టేపు. ఈ రోజు టేపు అంటించకుండా ముందుగా ఉత్త బిగింపు.

బంపరు ఊడదీయలేదు, అవసరం కూడా రాలేదు. ముందు చక్రాలను రెండేసి చెక్కల మీదకు ఎక్కించి ఎత్తు తెచ్చుకుని, జాకీతో లేపి, స్టాండ్ల మీద దించాను. వెనుక చక్రాలకు చెక్క అడ్డాలు పెట్టి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేశాను. ఎవరైనా ఇది చదివి ఈ పని మొదలుపెడితే ఒక్క మాట వినాలని కోరుకుంటాను: ఉత్త జాకీ మీద నిలిపిన కారు కిందకి తల పెట్టకండి, ఇటుకల మీద నిలిపిన కారు కిందకి అసలే పెట్టకండి. ఇటుక బరువును మోస్తూ మోస్తూ ముందు చెప్పకుండా పగులుతుంది.

బంపరు కింద అండర్ కవర్‌ను పట్టి ఉంచే క్లిప్పులు అయిదు ఉన్నాయి. వాటిని తీసి, ఆ బెజ్జాలనే వాడుకుంటే కొత్తగా నాలుగు మాత్రం వేస్తే సరిపోతుంది. లిప్‌ను మాస్కింగ్ టేపుతో నిలబెట్టి, మధ్య నుంచి రెండు వైపులకూ కొలిచి, ఎడమ కుడి సమానమయ్యేదాకా జరిపి గుర్తులు పెట్టాను. దీనికే గంటన్నర పట్టింది. డ్రిల్లు వెనక్కి దూసుకుపోకుండా వెనకాల చెక్కముక్క ఆనించి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో ముందు చిన్న బెజ్జం, దాన్నే 5.5తో పెద్దది చేశాను. బంపరు లోపలి వైపు పీపీ, ఈపీడీఎం అన్న అక్షరాలు అచ్చుపోసి ఉన్నాయి, అంటే రబ్బరు కలిసిన పాలీప్రొపైలీన్. తుప్పు భయం లేదు, అయితే బెజ్జం అంచున మిగిలిన నూగును బ్లేడుతో తీసేయాలి, లేకపోతే వాషర్ చదునుగా కూర్చోదు.

లిప్‌లోని బెజ్జాల్లో మధ్యది తప్ప మిగిలినవన్నీ పొడవుగా, 10 మిల్లీమీటర్ల గాడిలా చేశాను. 1500 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పట్టీ జనవరి తెల్లవారుజాము చలికీ, మే ఎండలో కాలిన నల్లని ఉపరితలపు వేడికీ మధ్య అయిదారు మిల్లీమీటర్లు సాగుతుంది. బంపరు కూడా సాగుతుంది కానీ రెండూ ఒకే లెక్కన సాగవు. కదలడానికి చోటు లేకుండా బిగిస్తే లిప్ అలలు అలలుగా లేస్తుంది. మధ్య బోల్టు స్థిరంగా ఉండి, మిగిలినవి జరగనివ్వాలి.

జనవరి 26, ఆదివారం

ఉదయం చలిగా ఉండటంతో మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగాను. పై అంచుకు వాడినది 3ఎం వారి వీహెచ్‌బీ టేపు, 12 మిల్లీమీటర్ల వెడల్పు, 1.1 మిల్లీమీటర్ల మందం. అంటించే చోటు 21 నుంచి 38 డిగ్రీల మధ్య వెచ్చగా ఉండాలని ఆ సంస్థ సూచన. బంపరు రంగు వేసినది కాబట్టి టేపు క్లియర్ కోటును పట్టుకుంటుంది. రంగు వేయని పాలీప్రొపైలీన్ అయితే ప్రైమర్ లేకుండా ఇలాంటి మామూలు టేపు సరిగా అంటదు. ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడిచి, ఆరాక ఇక ఆ చోట వేలు పెట్టలేదు.

ఈ టేపు ఒకసారి అంటుకుంటే సర్దుకోవడానికి వీలుండదు. అందుకని లిప్‌కు టేపు వేసి, పైనున్న ఎర్ర కాగితాన్ని రెండు కొసల దగ్గరా రెండంగుళాలు మాత్రం ఊడదీసి, ఆ తోకలను బయటికి మడిచి పెట్టాను. లిప్‌ను పైకెత్తి తొమ్మిది బోల్టులూ వదులుగా తొడిగి, నిన్నటి గుర్తులకు సరిచూసుకున్నాక, తమ్ముడు మధ్యలో నొక్కి పట్టుకోగా నేను తోకను నేలకు సమాంతరంగా మెల్లగా లాగాను. కాగితం సన్నగా చీరుతున్న చప్పుడుతో జారి వస్తుంటే, వెనకాలే వేలితో నొక్కుకుంటూ పోయాను. రెండో వైపూ అలాగే.

బోల్టులు ఎం5 స్టెయిన్‌లెస్ స్టీలువి, వెడల్పు వాషర్లు, లోపల నైలాన్ ఉన్న నట్లు. మధ్య నుంచి మొదలుపెట్టి ఒకటి ఎడమ, ఒకటి కుడి చొప్పున కొసల దాకా వెళ్లాను. పానాతో బలంగా తిప్పితే మెత్తని పట్టీ వాషర్ కింద నొక్కుకుపోయి ముందువైపు పల్లం కనిపిస్తుంది. చేత్తో బిగిశాక పావు చుట్టు చాలు. టేపు పట్టు 20 నిమిషాల్లో సగం, ఒక రోజులో 90 శాతం, మూడు రోజులకు పూర్తిగా వస్తుంది కనుక బుధవారం దాకా కారు బయటికి తీయను.

ఫిబ్రవరి 8, శనివారం

కారు కడుగుతుంటే ఎడమ చక్రం దగ్గర కొస రెండు మిల్లీమీటర్లు లేచి కనిపించింది. ఆ సందులో ఇసుక దూరి, బంపరు రంగు మీద గోటి గీతలంత గుర్తులు పడ్డాయి. బాధేసింది.

టేపు బలం చాలకపోవడం కారణం కాదు. కిలో బరువుకు సుమారు 55 చదరపు సెంటీమీటర్ల టేపు ఉండాలన్నది నిలకడ బరువుకు చెప్పే లెక్క. 1.8 కిలోలకు 100 కావాలి, నేను వేసింది 180. కారణం జనవరి 11న నేను వదిలేసిన విషయమే: కొసలు విచ్చుకుని ఉన్నాయి, నేను బలవంతంగా వంచి అంటించాను. లిప్ తన పాత ఆకారానికి పోదామని పగలూ రాత్రీ లాగుతూనే ఉంది. ఈ టేపు ఒక్కసారి వచ్చే కుదుపును బాగా తట్టుకుంటుంది కానీ, ఆగకుండా ఒలిచే లాగుడుకు మెల్లమెల్లగా లొంగుతుంది. రెండు గంటల ఎండతో అప్పుడే సరిచేయవలసిన పని ఇది.

అర అడుగు మేర టేపును చేపల గాలం దారంతో కోసి విడదీశాను. కొసను హీట్ గన్‌తో దూరం నుంచి వెచ్చబెట్టి, ఒంపు కంటే కాస్త ఎక్కువే వంచి, తడిగుడ్డ పెట్టి చల్లారేదాకా పట్టుకున్నాను. వదిలాక అది దానంతట అదే బంపరుకు ఒదిగి కూర్చుంది, నొక్కే పని లేదు. పాత జిగురు తీసి కొత్త టేపు వేశాను, చక్రం వైపు లోపలి అంచుకు అదనంగా ఒక స్క్రూ ఇచ్చాను. కుడి వైపు లేవకపోయినా దానికీ ఇదే వైద్యం చేశాను. ఇసుక దూరే చోట బంపరు మీద పారదర్శక ఫిల్ము అంటించాను. నిజానికి దీన్ని మొదటి రోజే, లిప్ పై అంచు పొడవునా, టేపుకు బయటి వైపుగా వేయాల్సింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

రెండు వారాల్లో 400 కిలోమీటర్లు తిరిగింది. గుంటూరు దాకా 80 దాటి వెళ్లినప్పుడు చప్పుడు గానీ వణుకు గానీ లేదు. స్టీరింగులో మార్పు తెలిసిందని చెప్పను, తెలియలేదు. తొమ్మిది బోల్టుల్లో రెండు అర చుట్టు వదులైతే బిగించాను. ఎడమ కొస చెక్కుచెదరలేదు.

నలుగురితో ర్యాంపు దిగి, లిప్ కింద అద్దం పెట్టి చూశాను. ఎడమ నుంచి మూడో బోల్టుకు అటూ ఇటూ బెత్తెడు మేర నలుపు మసకబారి ఉంది, గోరు పెడితే తగిలేంత లోతు లేదు. ఆ రోజు అట్ట మీద సుద్ద చెరిగిన చోటు సరిగ్గా అదే. అక్కడి బోల్టు తల కిందికి కనిపిస్తోందని, వాషర్ తీసి పలచనిది వేసి కాస్త పైకి తెచ్చాను. రెండో అంతస్తు వాళ్లు తమ ఐ20కి కూడా లిప్ చూస్తున్నారట. అట్టముక్కనూ సుద్దనూ వాళ్లకు ఇచ్చి, ముందు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ర్యాంపు దిగి చూడమన్నాను.